సగం కన్నా ఎక్కువ తిట్లే

బొండపేటలో తెలివైన వాళ్ళెవరని ఊళ్ళో ఎవర్నడిగినా లెంక వారి పేరు చెప్పరు. లెంక వారినే అడిగితే మాత్రం ఇంకెవరి పేరూ చెప్పరు.

వాళ్ళ తెలివికి వాళ్ళింటి గేటే సాక్ష్యం. పదకొండేళ్ళ కిందట ఆ గేటుకి ఆకుపచ్చ రంగు వేయించారు. వేసినవాడు "తడి రంగు, ముట్టుకోవద్దు" అని ఓ అట్టముక్క మీద రాసి కట్టి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి విప్పలేదు. అంతే. ఆనాటి నుంచి ఇంటిల్లిపాదీ గోడకి నిచ్చెన వేసుకుని ఎక్కి దిగుతున్నారు. చుట్టాలొచ్చినా నిచ్చెనే, పాలవాడొచ్చినా నిచ్చెనే. "ఊళ్ళో అందరి గేట్లూ ఎలాగున్నాయో సూడండి, మాది సూడండి. ఒక్క ఏలిముద్ర లేదు!" అని వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోతారు.

ఇంట్లో నలుగురు. సన్యాసినాయుడు సంతలో ఎండుచేపలు తూచి అమ్ముతాడు. అతని భార్య అప్పలకొండ, ఏ పనైనా చెప్పడమే ఆలస్యం, చేసేసి కూర్చుంటుంది. అతని తల్లి సోములమ్మకి డెబ్బై దాటాయి, అక్షరం ముక్క రాదు, మోకాళ్ళు రెండూ పట్టేశాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. నాలుగో మనిషి కూతురు నీలవేణి, బీయస్సీ ఫస్టు క్లాసు.

ఫస్టు క్లాసెలా వచ్చిందంటారా? పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపేస్తుంది. "పటం 4.2 చూడుము" అని ఉంటే అదీ రాస్తుంది. పటం మాత్రం వెయ్యదు. చూడమన్నారు గానీ వెయ్యమన్నారా?

ఈ పిల్లకి డాక్టరు కావాలని తొమ్మిదో ఏటి నుంచీ కోరిక. ఓ రోజు మామ్మ నిచ్చెన మీద సగం దాకా ఎక్కి, పైకి పోలేక కిందకి రాలేక, మోకాళ్ళు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. బొండపేటలో డాక్టరు లేడు. పట్నం పోవాలంటే రెండు బస్సులు మారాలి. నీలవేణి కింద నిలబడి, "నేను డాక్టర్నయి నీ కాళ్ళు బాగుచేస్తానే మామ్మా" అంది. ఆ ఇంట్లో అన్న మాటంటే అన్న మాటే. మామ్మ ఆ రోజు నుంచి ఏ మందూ వేసుకోవడం మానేసింది. "నా డాక్టరు సదువుకుంటున్నాది గదా" అంటుంది.

ఇలా ఉండగా పట్నంలో కొత్తగా పెట్టిన సాగరగిరి వైద్య కళాశాల వాళ్ళు, డిగ్రీ చదివినవాళ్ళకి కూడా మెడిసిన్లో పన్నెండు సీట్లిస్తామని ప్రకటించారు. ఒక్కటే షరతు. డిగ్రీలో చదివిన సబ్జెక్టులన్నీ ఫారంలో రాసి, ఏది సైన్సో ఏది కాదో పక్కన చూపించాలి. కనీసం మూడు సైన్సు ఉండాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా ఫారం పని పూర్తి కావాలి.

నీలవేణి చదివినవి ఆరు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, తెలుగు, ఇంగ్లీషు, పర్యావరణం. మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? మొదటి మూడింటికీ సైన్సని రాసేసి కాఫీ తాగుతాం.

వీళ్ళు తెలివైన వాళ్ళు కదా. ముందు సూచనల కాగితం చదివారు.

నీలవేణి గొంతు సవరించుకుని చదివింది. "ఒకటి. సబ్జెక్టు పేరు చూసి నిర్ణయించరాదు. లోపల చెప్పిన విషయం చూసే నిర్ణయించాలి. రెండు. చెప్పినదాంట్లో సగం కన్నా ఎక్కువ సైన్సుంటేనే సైన్సుగా చూపాలి. మూడు. అనుమానం వస్తే పాఠం చెప్పినవారిని అడగాలి. నాలుగు. ఆధారాలు ఫారానికి జతచేయాలి. అయిదు. తుది నిర్ణయం కళాశాలదే."

"పేరు సూడకూడదా?" అంది అప్పలకొండ.

"చూడకూడదమ్మా."

ఇంకేముంది. అప్పలకొండ లోపలికెళ్ళి, నీలవేణి మూడేళ్ళు రాసుకున్న నోటుపుస్తకాలన్నీ తెచ్చి, వాటి అట్టలన్నీ చింపి, స్నానాల పొయ్యిలో పెట్టేసింది. ఆ పూట నలుగురూ వేడినీళ్ళు పోసుకున్నారు.

"ఇప్పుడు ఏది ఏ సబ్జెక్టో ఎలా తెలుస్తుందమ్మా?" అంది నీలవేణి.

"తెలీకూడదనే గదేటే రూలు!"

కూతురు తల్లి తెలివికి నివ్వెరపోయింది.

అయినా సన్యాసినాయుడికి ఇంకో అనుమానం. "అట్టలు పోయినా లోపలెక్కడో పేరుంటాది. సదువొచ్చినోళ్ళు సూత్తే కనపడిపోతాది. మనింట్లో సదువు రానోళ్ళెవరు?"

ముగ్గురూ సోములమ్మ వైపు చూశారు. అంతే, సోములమ్మ జడ్జీ అయిపోయింది. మనవరాలు చదివి వినిపించాలి, మామ్మ విని ఏది సైన్సో తేల్చాలి.

"సైన్సంటే ఏటే అమ్మా?" అంది జడ్జీ గారు.

"డాక్టరు చదువుకి పనికొచ్చేది మామ్మా."

"అలగా సెప్పు. ఒంటి సంగతులు, మందుల సంగతులు అయితే సైన్సు. మిగతాయి కాదు. ఇంక సదువు."

సన్యాసినాయుడు ఎండుచేపల తక్కెడ తెచ్చి వసారాలో వేలాడదీశాడు. సగం కన్నా ఎక్కువో కాదో తూస్తే గానీ తెలుస్తుందా మరి? మామ్మ సైన్సన్న కాగితాలు కుడి సిబ్బెలో, కాదన్నవి ఎడమ సిబ్బెలో. ఏ పక్క మొగ్గితే అది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. కాలేజీలో మొదటి రోజే ఓ లెక్చరరు, "నేను చెప్పేది ఒక్క ముక్క వదలకుండా రాసుకోండి" అన్నాడు. నీలవేణి ఒక్క ముక్క వదల్లేదు. పాఠం చెబితే పాఠం రాసింది. తిడితే తిట్లు రాసింది. దగ్గితే దగ్గిందీ రాసింది. మూడేళ్ళు అలాగే.

మొదటి పుస్తకం తీసి చదవడం మొదలెట్టింది. "'హాజరు. ఒకటి. రెండు. మూడు. మూడు ఎక్కడ చచ్చాడు? నాలుగు. వెనక బెంచీ, నోరుముయ్. ఆమ్లము అనగా... వెనక బెంచీ, నీకే చెప్పేది, గాడిదల్లా పెరిగారు. ఆమ్లము అనగా... సుద్దముక్క ఎవడు తీశాడు? ఆమ్లము రేపు చెప్పుకుందాం.'"

"తిట్లు," అంది మామ్మ.

"మధ్యలో ఆమ్లం ఉంది మామ్మా."

"అయితే ఆ ముక్క కత్తిరించి ఇటెయ్యి. తిట్లు అటెయ్యి."

అప్పలకొండ కత్తెర పట్టుకుంది. మధ్యాహ్నానికి ఎడమ సిబ్బె నేలకానింది. కుడి సిబ్బెలో ఆమ్లం ముక్కలు గుప్పెడు. తిట్లని బట్టి అది కెమిస్ట్రీ కామేశ్వరరావు గారి పుస్తకమని తేలింది. అంత బాగా తిట్టేవాళ్ళు కాలేజీ మొత్తమ్మీద ఇంకెవరూ లేరు.

"సగం కన్నా ఎక్కువ తిట్లే," అని సన్యాసినాయుడు నిట్టూర్చాడు. "కెమిస్ట్రీ సైన్సు కాదమ్మా నీలా."

నీలవేణికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కెమిస్ట్రీలో దానికి తొంభై రెండు. కానీ తక్కెడ అబద్ధం చెబుతుందా?

రెండో పుస్తకం బోటనీ మేడంది. ఆవిడ ప్రతి మొక్కనీ వంట దాకా తీసుకెళ్ళేది. గోంగూర కాండం గురించి రెండు వాక్యాలు, పచ్చడి గురించి రెండు పేజీలు. "పచ్చడి సైన్సెలగవుతాదే? నేను రోజూ నూరతాను. నేను సైంటిస్టునా?" అంది మామ్మ. బోటనీ కూడా పోయింది. ఆ కాగితాలు మాత్రం అప్పలకొండ వంటింట్లో దాచుకుంది.

మూడోది పర్యావరణం. అందులో ప్రతి పేజీలోనూ "సారు రాలేదు" అని ఒక్క వాక్యమే ఉంది. ఆ సారు మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. చెప్పిందేమీ లేదు కాబట్టి సన్యాసినాయుడు రెండు సిబ్బెలూ ఖాళీగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తక్కెడ అటూ మొగ్గలేదు, ఇటూ మొగ్గలేదు. ఫారంలో ఆ పక్కన "రాలేదు" అని రాయించాడు.

ఆరింటిలో మూడు పోయాయి. ఇల్లంతా దిగులుపడిపోయింది. నీలవేణి అన్నం ముట్టలేదు. మామ్మ మోకాళ్ళు రాసుకుంటూ, "నా డాక్టరు రాకుండా పోతాదేటి" అని కళ్ళొత్తుకుంది. నవ్వకండి. వాళ్ళ తెలివి ఎలాంటిదైనా వాళ్ళ బాధ మటుకు నిజం బాధే.

సాయంత్రం నాలుగో పుస్తకం తీశారు. "'ఈ పద్యంలో కవి... ఖళ్ ఖళ్. ఒక్క నిమిషం పిల్లలూ. ఆయాసం. ఊపిరితిత్తుల్లో గొట్టాలు బిగుసుకుపోతాయి, గాలి లోపలికి పోతుంది గానీ బయటికి రాదు. అప్పుడు ఈ మందు ఇలా పీల్చాలి. ఆఁ. పద్యం తరవాత చూద్దాం. రాత్రి దిండు ఎత్తుగా పెట్టుకోవాలి, పెరుగు తినకూడదు...'"

మామ్మ లేచి నిలబడినంత పనిచేసింది. "సైన్సే! సైన్సే అది!"

అది తెలుగు సుభద్రాదేవి మేడం పుస్తకం. మూడేళ్ళూ ఆయాసమే. కుడి సిబ్బె దబ్బుమని కిందకి దిగింది. పద్యాలన్నీ కలిపి ఎడమ వైపు ఓ ఎండు నెత్తళ్ళ చేపంత బరువు కూడా లేవు. అయిదోది ఇంగ్లీషు. ఆ సారుకి కడుపులో గ్యాసు. ఏం తింటే పొంగుతుందో, ఏ వైపు తిరిగి పడుకుంటే తగ్గుతుందో అన్నీ చెప్పాడు. ఇంగ్లీషు కూడా సైన్సైపోయింది.

రెండొచ్చాయి, ఇంకొక్కటి కావాలి. మిగిలింది జువాలజీ. ఆ సారు సగంసేపు కప్ప గురించి, సగంసేపు తన కూతురి పెళ్ళిసంబంధాల గురించి చెప్పేవాడు. కప్ప కుడి వైపు, సంబంధాలు ఎడమ వైపు వేశారు. తక్కెడ ముల్లు నిటారుగా నిలబడింది. సరిగ్గా సగం!

"సగం సాలదు," అన్నాడు సన్యాసినాయుడు. "సగం కన్నా ఎక్కువుండాలి."

"ఎండుసేపలు తూసినప్పుడు నువ్వేటి సేత్తావు?" అంది అప్పలకొండ.

సన్యాసినాయుడు అటూ ఇటూ చూశాడు. తరవాత చెంబులో నీళ్ళు తెచ్చి కప్ప మీద చల్లాడు. అంతే! కుడి సిబ్బె కిందకి దిగింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. నీలవేణి ఫారంలో జువాలజీ పక్కన సైన్సని రాసింది.

మర్నాడు పొద్దెక్కేసరికి కాగితాలు ఆరిపోయి ముల్లు మళ్ళీ నిటారుగా నిలబడింది. నీలవేణి కంగారుగా సైన్సు కొట్టేసింది. మామ్మ మళ్ళీ నీళ్ళు పోసింది. నీలవేణి మళ్ళీ సైన్సని రాసింది. మధ్యాహ్నం ఎండకి మళ్ళీ కాదైంది. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాక, నిజం దాచకూడదని, "తడిగా ఉన్నప్పుడు సైన్సు" అని రాసింది. జువాలజీని శుక్రవారం దాకా బకెట్లో నానబెట్టాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు.

తండ్రికి మాత్రం కెమిస్ట్రీ మీద ఆశ చావలేదు. "అనుమానం వస్తే సెప్పినోరిని అడగమన్నారు గదా" అని కూతుర్ని వెంటబెట్టుకుని కామేశ్వరరావు గారింటికి వెళ్ళాడు. ఆయన అప్పుడే భోంచేసి మంచం మీద నడుం వాల్చారు.

"అయ్యా, తమరు సెప్పింది సైన్సా, తిట్లా?" అనడిగాడు సన్యాసినాయుడు వినయంగా.

కామేశ్వరరావు గారు లేచి కూర్చున్నారు. "ఏమిటయ్యా నీ ప్రశ్న? మతుండే అడుగుతున్నావా? కెమిస్ట్రీ సైన్సు కాకపోతే ఇంకేమిటి? తండ్రీ కూతుళ్ళు మిట్టమధ్యాహ్నం నా ప్రాణానికి దొరికారు! బుద్ధి గడ్డి తిందా? చదువుకున్న పిల్లవేనా నువ్వు? ఫో, ఫో, మళ్ళీ నా గడప తొక్కితే ఊరుకోను!"

నీలవేణి ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. ఇంటికొచ్చి కాగితం కత్తిరించారు. "కెమిస్ట్రీ సైన్సు కాకపోతే ఇంకేమిటి" అన్న ముక్క కుడి సిబ్బెలో వేశారు. మిగతాదంతా ఎడమ సిబ్బెలో వేశారు. ఎడమ సిబ్బె ఇంకాస్త కిందకి దిగింది.

"పాపం, ఆయనే స్వయంగా ఒప్పుకున్నాడు," అన్నాడు సన్యాసినాయుడు. నీలవేణి కెమిస్ట్రీ పక్కన "సైన్సు కాదు, తిట్లు" అని గుండ్రంగా రాసింది.

ఇక ఆధారాలు జతచేయాలి. ఇంగ్లీషు సారు రానన్నాడు. కావాలంటే తీసుకుపొమ్మని ఖాళీ అయిన గ్యాసు మందు సీసా ఇచ్చాడు. దాన్ని ఫారానికి పురికొసతో కట్టారు. జువాలజీ ఆధారం బకెట్లో నానుతోంది. తెలుగు సైన్సే అనడానికి ఆధారం ఏమిటి? సుభద్రాదేవి మేడం ఆయాసం. అది ఆవిడ దగ్గరే ఉంది.

అప్పలకొండ వెళ్ళి ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ మంచి మనిషి. పైగా పట్నం ఆసుపత్రిలో చూపించుకునే రోజు కూడా ఆ శుక్రవారమే. "నా మాట ఒక్కటీ వదలకుండా రాసుకున్న పిల్ల ఇదొక్కతే. దానికి సీటొస్తుందంటే రానా?" అని బయల్దేరింది. బస్సెక్కి కూర్చోగానే అప్పలకొండ దబ్బనం తీసి, ఫారం మూలని మేడం శాలువా కొంగుకి కలిపి కుట్టేసింది.

"ఇదేమిటమ్మా?"

"జత సెయ్యమన్నారండి. ఊడిపోతే ఆధారం లేదంటారు."

మేడం ఏదో అనబోయింది గానీ దగ్గొచ్చింది. నీలవేణి "ఖళ్ ఖళ్" అని రాసుకుంది.

రెండు బస్సులు మారి కాలేజీకి చేరేసరికి నాలుగు దాటింది. ముందు మేడం, ఆవిడ కొంగుకి ఫారం, ఫారానికి సీసా. వెనక బకెట్టు పట్టుకుని సన్యాసినాయుడు, మామ్మ రెక్క పట్టుకుని అప్పలకొండ, అందరి వెనక నీలవేణి. వరండాలో పిల్లలంతా గోడకి తప్పుకుని దారిచ్చారు.

ఆఫీసు గదిలో సూపరింటెండెంటు పరంజ్యోతమ్మ గారు కూర్చుని ఉన్నారు. ముప్పయ్యేళ్ళ సర్వీసు. ఎన్నో ఫారాలు చూశారు గానీ, ఫారం కోసం ఓ మనిషిని దగ్గరకి లాక్కుని చదవాల్సి రావడం ఆవిడకి ఇదే మొదలు.

"'కెమిస్ట్రీ, సైన్సు కాదు, తిట్లు. బోటనీ, సైన్సు కాదు, పచ్చడి. పర్యావరణం, రాలేదు. తెలుగు, సైన్సు.' తెలుగు సైన్సా? 'జువాలజీ, తడిగా ఉన్నప్పుడు...'" ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"తడిగానే ఉందండి," అని సన్యాసినాయుడు బకెట్టు బల్ల మీద పెట్టాడు. అందులో జువాలజీ ఎప్పుడో గంజి అయిపోయింది. సిరా అంతా నీళ్ళలో కలిసి కప్పల్లేవు, సంబంధాల్లేవు, నీలం నీళ్ళు మాత్రం ఉన్నాయి.

సుభద్రాదేవి మేడం దగ్గు ఆపుకుని బస్సులో తను విన్నదంతా చెప్పింది. తక్కెడ సంగతి కూడా చెప్పింది. పరంజ్యోతమ్మ గారు ముందు తెల్లబోయారు. తరవాత నవ్వారు, నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. మార్కుల కాగితం తిరగేసి చూస్తే తొంభై రెండు, తొంభై ఒకటి, తొంభై అయిదు. నవ్వు ఆగిపోయింది.

"నీకెందుకమ్మా మెడిసిన్?" అనడిగారు.

"మా మామ్మ కాళ్ళు బాగుచేస్తానన్నానండి," అంది నీలవేణి.

ఆవిడ సోములమ్మ కాళ్ళ వైపు చూశారు. ఎర్రసిరా పెన్ను తీశారు. "ఇదిగో, తుది నిర్ణయం కళాశాలదే అని రాసుందా లేదా? చదివారా?"

"సదివేం తల్లీ, అయిదో రూలు," అన్నారు ముగ్గురూ.

"అయితే నేను నిర్ణయిస్తున్నా. కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ, ఈ మూడూ సైన్సే. తడిసినా సైన్సే, ఎండినా సైన్సే. మాట్లాడకండి." టకటకా మూడు చోట్ల దిద్దేశారు. రూలులో ఉంది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. సన్యాసినాయుడు ఒక్కడే "తిట్లు కూడానా అండి?" అని గొణిగాడు.

"సంతకం పెట్టమ్మా." నీలవేణి పెట్టింది. "అదృష్టవంతురాలివి. పదకొండు సీట్లు నిండిపోయాయి, ఒక్కటే మిగిలింది. ఇప్పుడు నాలుగూ నలభై. ఇక్కడ నేనొక్క ముక్క రాస్తే ఆ సీటు నీది. నీ జబ్బు మామ్మకి నువ్వే డాక్టరువి."

సోములమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అప్పలకొండ కళ్ళు తుడుచుకుంది. సుభద్రాదేవి మేడానికి దగ్గు కూడా ఆగిపోయింది. పరంజ్యోతమ్మ గారు ఫారం కింది మూలనున్న చిన్న గడి మీదికి పెన్ను తీసుకెళ్ళారు. ఆ గడి మీద సన్న అక్షరాల్లో ఒక వాక్యం అచ్చేసి ఉంది. నీలవేణి కళ్ళు దాని మీద పడ్డాయి.

"ఈ గడిలో ఏమీ రాయరాదు."

"అయ్యయ్యో మేడం!" అని కేకేసి నీలవేణి ఫారం లాగేసుకుంది. ఫారంతోపాటు శాలువా వచ్చింది, శాలువాతోపాటు తెలుగు మేడం వచ్చింది. "రాయకండి! రాయకూడదని ఉంది!"

"అది మీకమ్మా! మీరు రాయకూడదని. నేను రాయడానికే ఆ గడి పెట్టింది!"

"అలాగని లేదు మేడం. 'అభ్యర్థి రాయరాదు' అని లేదు. 'ఏమీ రాయరాదు' అనే ఉంది."

"నేను సీటు ఇవ్వడమైనదని రాయాలమ్మా!"

"ఏమీ అంటే అది కూడా వస్తుంది కదా మేడం."

"ఎనకాల బోలెడు సోటుంది, అక్కడ రాయండి తల్లీ," అన్నాడు సన్యాసినాయుడు బతిమాలుతూ.

"అక్కడ రాస్తే చెల్లదయ్యా! ఇక్కడే రాయాలి!"

"ఇక్కడ రాత్తే తప్పవుతాది. ఇంత పెద్ద సదువు సదివి తమరే తప్పు సేత్తే ఎలగండి?" అంది అప్పలకొండ. ఆవిడకి నిజంగానే పరంజ్యోతమ్మ గారి మీద జాలేసింది.

పరంజ్యోతమ్మ గారు కుర్చీలోంచి లేచి బల్ల చుట్టూ వచ్చారు. నీలవేణి ఫారం ఇటు తిప్పుకుంది. ఆవిడ అటొచ్చారు. సన్యాసినాయుడు పెన్ను మూత దొరకబుచ్చుకుని, సందు దొరికినప్పుడల్లా పెన్నుకి తొడిగేస్తున్నాడు. ఫారానికి కుట్టేసి ఉన్న తెలుగు మేడం మధ్యలో గిరగిరా తిరుగుతూ, "రాయనివ్వవే పిచ్చిపిల్లా, రాయనివ్వు, ఖళ్ ఖళ్, నీ బతుకే, రాయనివ్వు" అని మొత్తుకుంటోంది. నీలవేణి ఫారాన్ని మామ్మ చేతికిచ్చి, పుస్తకం తీసి ఆ మాటలన్నీ ఒక్కటి వదలకుండా రాసుకుంది.

పెన్ను మళ్ళీ ఫారం వైపు వస్తోంది. సోములమ్మ చూసింది. ఏళ్ళ తరబడి నేల మీద కూర్చోలేని మనిషి, మనవరాలి ఫారం కోసం దాన్ని కింద పరిచి, పళ్ళు బిగబట్టి, దాని మీద దబ్బున కూలబడింది. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. అయినా కదల్లేదు.

"లెగను," అంది. "నా పేణం పోయినా లెగను. నా మనవరాలి కాయితం పాడుసెయ్యనివ్వను."

నాలుగూ యాభై అయింది. పరంజ్యోతమ్మ గారు మామ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. "అమ్మా, మీ కాళ్ళు బాగుచేసే డాక్టరవుతుందమ్మా. ఒక్క ముక్క. ఒక్క సంతకం. లే తల్లీ."

"మీరెంత మంచోరైనా రూలు రూలే తల్లీ."

నాలుగూ యాభై అయిదు. సుభద్రాదేవి మేడం శాలువాతోపాటు మామ్మ పక్కనే కూలబడి ఏడ్చింది. ఆ గదిలో సీటు ఇవ్వాలని ఉన్న మనిషుంది, సీటుంది, పెన్నుంది, పెన్నులో సిరా కూడా ఉంది.

అయిదు గంటలు కొట్టారు. పరంజ్యోతమ్మ గారు లేచి, పెన్ను బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడిపోయారు. ఆ పన్నెండో సీటు ఎవరికీ పోలేదు. ఆ ఏడాదంతా తరగతిలో మూడో వరసలో ఓ కుర్చీ ఖాళీగా ఉండిపోయిందట.

మిగతా ముగ్గురూ కలిసి మామ్మని లేపారు. ఫారం నలిగింది గానీ గడి మాత్రం తెల్లగా ఉంది. నీలవేణి దాన్ని అరచేత్తో సాపుచేసి చూసుకుంది. "మామ్మా, నువ్వు లేకపోతే నా ఫారం ఏమైపోయేదే!" అని మామ్మని కావలించుకుంది.

"డాక్టరయ్యాక నా కాళ్ళు బాగుసేద్దువు గానిలే," అంది మామ్మ మోకాళ్ళు రాసుకుంటూ.

తిరుగు బస్సులో పక్క సీటాయన ఏం పనిమీద పట్నం వచ్చారని అడిగాడు. అమ్మాయి మెడిసిన్ సీటు కోసమని సన్యాసినాయుడు చెప్పాడు.

"వచ్చిందా?"

సన్యాసినాయుడు ఫారం విప్పి, ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టకుండా కాస్త దూరం నుంచే చూపించాడు.

"ఇయ్యబోయేరండి," అన్నాడు గర్వంగా. "మేమే సిరా సుక్క పడనివ్వలేదు."